ఎస్తేరు మేడమ్, కడుపులోని జనం

పోయిన నెల విశాఖ వెళ్తూ అనకాపల్లి కాంప్లెక్సులో బస్సు దిగాను. ఆడవాళ్ళ మరుగుదొడ్ల వైపు నాలుగడుగులు వేయగానే ఫినాయిల్ వాసన ముక్కుకు కొట్టింది. అప్పుడే కడిగిన సిమెంటు నేల, మూలన బోర్లించిన బకెట్టు, తడిసిన చీపురు, వాటన్నిటి మీదా ఆ ఘాటు. నా వెనక వస్తున్న ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "అబ్బ, ఏటీ కంపు" అంది. నేను మాత్రం గుమ్మంలో ఆగి ఆ గాలిని గుండెల నిండా పీల్చుకున్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు ఏం చెప్పను? ఈ వాసన వస్తే నాకు ఎస్తేరు మేడమ్ గుర్తొస్తారని ఎలా చెప్పను? కొందరిని మల్లెపూలు గుర్తుకు తెస్తాయి, కొందరిని కాఫీ వాసన. మా మేడమ్‌ని మాత్రం కడిగిన మరుగుదొడ్డి గుర్తుకు తెస్తుంది. ఈ మాట వింటే ఆవిడ పగలబడి నవ్వేవారు. "శుభ్రంగా ఉంది కదా వరలక్ష్మీ, అయితే ఫరవాలేదు" అనేవారు.

నర్సీపట్నంలో నేను పనిచేస్తున్న ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎస్తేరు మేడమ్ బోటనీ చెప్పేవారు. బయాలజీ లెక్చరర్లందరికీ ఆవిడే పెద్ద. నేను జువాలజీ చెప్పడానికి చేరేనాటికే ఆవిడ జుట్టు సగం నెరిసింది. గంజి పెట్టిన నూలు చీర, మెడలో సన్నటి గొలుసు, కుడిచేతి వేళ్ళ మీద ఎప్పుడూ కాస్త సుద్దపొడి. చర్చి వెనక వీధిలో ఇల్లు. తాతల నాటినుంచీ మిషన్ బడిలో చదువుకున్న కుటుంబం. ఆదివారం చర్చిలో పాడిన గొంతుతోనే సోమవారం కిరణజన్య సంయోగక్రియ చెప్తారని పిల్లలు నవ్వుకునేవారు. అది నిజమే. ఆకు గురించి చెప్తున్నా ఆవిడ గొంతులో ఏదో కృతజ్ఞత ఉండేది. భర్త సుందరరావు గారు కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. గట్టిగా మాట్లాడటం తెలియని మనిషి. వాళ్ళకి పిల్లలు లేరు.

నేను గొలుగొండ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేదాన్ని. నాన్న పోయాక ఇంట్లో అమ్మా, నేనూ. అమ్మే దగ్గరుండి వరీ, చెరుకూ పండించేది. కాలేజీలో చేరిన మరుసటి ఏడు నా జబ్బు మొదలైంది. మొదట్లో కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, తర్వాత విరేచనంలో జిగురు, ఆపైన రక్తం. మొలలనుకున్నాను. ఎవరో చెప్పిన పసరు తాగాను, కారం మానేశాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. అన్నిటికన్నా కష్టం ఆ తొందర. వచ్చిందంటే ఆగదు. గొలుగొండ నుంచి నర్సీపట్నం పెద్ద దూరమేమీ కాదు గానీ, ఆటోలో అంతమంది మధ్య ఇరుక్కుని కూర్చున్న ప్రతి ఉదయమూ నాకు గండంలాగే గడిచేది. ఒకరోజు డ్రైవర్ని బతిమాలి చెరుకుతోట పక్కన ఆపించుకున్నాను. తిరిగి వచ్చి ఎక్కుతుంటే లోపలున్నవాళ్ళెవరూ నా మొహం చూడలేదు. చూడకపోవడం వాళ్ళ మర్యాద. కానీ నాకది చెంపదెబ్బలా తగిలింది. అప్పటినుంచి పొద్దున తినడం మానేశాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, కెలికి, మూసేసేదాన్ని. అమ్మ నా చేతులు పట్టుకుని చూసి "ఏటే, అలా సిక్కిపోతన్నావు" అంటే, పరీక్షల పని ఎక్కువైందని చెప్పేదాన్ని.

కాలేజీలో స్టాఫ్ బాత్రూమ్‌కి తాళం వేసి ఉండేది. తాళంచెవి ఆఫీసు గదిలో, మగవాళ్ళ కుర్చీల వెనక గోడకున్న మేకుకి వేలాడేది. ప్రతిసారీ వెళ్ళి అడగాలి. ఒక మధ్యాహ్నం క్లాసు మధ్యలో వదిలేసి పరిగెత్తాను. మొహం కడుక్కుని తిరిగొచ్చేసరికి క్లాసులో ఎస్తేరు మేడమ్ నిలబడి ఉన్నారు. నేను ఎక్కడ ఆపానో అక్కడినుంచే జీర్ణవ్యవస్థ పాఠం చెప్తున్నారు. నన్ను చూసి చాక్‌పీసు నా చేతికిచ్చి, "అయ్యాక ల్యాబ్‌కి రా" అన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ల్యాబ్‌లో ఎవరూ లేరు. ఆవిడ స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను.

"ఎన్నాళ్ళయింది?" అన్నారు, నావైపు తిరక్కుండానే.

"ఏది మేడమ్?"

"రక్తం పడటం."

అప్పుడు ఇటు తిరిగారు. "ఏటి అలా చూస్తన్నావు? నీ నడకే చెప్తంది. ఏ గదిలోకెళ్ళినా కుర్చీ చూసుకునే ముందు గుమ్మం ఎక్కడుందో చూసుకుంటన్నావు. నేనూ అంతే. నాకూ అదే జబ్బు. నువ్వు పలక పట్టక ముందునుంచీ."

అన్నేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పని మాట ఆవిడ నాకు చెప్పారు. సుందరరావు గారికి తప్ప ఇంకెవరికీ తెలియదట. నేను బల్ల మీద తల వాల్చి ఏడ్చాను. ఆవిడ వద్దనలేదు, వీపు నిమరలేదు. ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, "బేగి లెగు. మొహం కడుక్కో. రేపు సెలవు పెట్టు, విశాఖ వెళ్తన్నాం" అన్నారు. తర్వాత ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి ఏం మాట్లాడారో నాకు తెలియదు. విశాఖ నుంచి తిరిగొచ్చాక చూస్తే ఆ బాత్రూమ్ తలుపుకి తాళం లేదు. ఆ తాళం మళ్ళీ ఎప్పుడూ కనబడలేదు.

విశాఖ దారిలో మరుగుదొడ్లన్నీ ఆవిడకి కంఠోపాఠం. తాళ్లపాలెం జంక్షన్ దగ్గర ఏ పెట్రోలు బంకులో నీళ్ళుంటాయో, అనకాపల్లి కాంప్లెక్సులో ఏ వేళకి కడుగుతారో, ఏ హోటల్లో కాఫీ తాగకపోయినా లోపలికి వెళ్ళనిస్తారో అన్నీ తెలుసు. "ఫినాయిల్ వాసన వచ్చిందంటే ఎవరో మన గురించి ఆలోచించారన్నమాట" అనేవారు. ఆ మొదటి ప్రయాణంలో బస్సెక్కగానే ఆవిడ డ్రైవరు దగ్గరికి వెళ్ళి, "బాబూ, ఈ అమ్మాయికి కడుపులో బాగోలేదు. ఆపమంటే ఒకచోట ఆపాలి" అని అందరికీ వినబడేలా చెప్పారు. నేను సిగ్గుతో కిటికీకి అతుక్కుపోయాను. డ్రైవరు వెనక్కి చూసి, "అలాగేనండీ, ఎక్కడ కావాలంటే అక్కడ" అన్నాడు. చిత్రం ఏమిటంటే, ఆ రోజు ఎక్కడా ఆపాల్సిన అవసరమే రాలేదు. ఆపుతారని తెలిశాక కడుపు కాస్త ఊరుకుంది.

ఆవిడని చూసే డాక్టరు గారే నాకూ పరీక్షలు చేశారు. పెద్దపేగులోకి కెమెరా పంపి చూసి, లోపలి పొర అంతా ఎర్రగా వాచి పుండుపడిందన్నారు. అల్సరేటివ్ కొలైటిస్ అని పేరు చెప్పారు. ప్రాణం మీదికి వచ్చేలోపే వచ్చావు, మందులు వాడితే అదుపులో ఉంటుంది గానీ పూర్తిగా పోదు, ఎప్పుడైనా తిరగబెట్టొచ్చు, అన్నారు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ "ఎవలికీ సెప్పకే వరం. పిల్ల రోగిష్టిదని ఊరంతా అంటారు" అంది. ఆ ఆదివారం చర్చి అవగానే మేడమ్ ఆటో ఎక్కి గొలుగొండ వచ్చారు. అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, నేనూ దాచాను. దాస్తే జబ్బు తగ్గలేదు. నాకు నేనే పరాయిదాన్నయిపోయాను, అంతే. మీ పిల్లకి అది వద్దు" అన్నారు. అమ్మ లేచింది. లోపలికెళ్ళి గ్లాసుతో తరవాణి తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. అన్నంలో నీళ్ళు పోసి పులియబెట్టిన ఆ తేట మా ఇంట్లో అన్ని జబ్బులకీ మందు. మేడమ్ తాగి, "మా అమ్మా ఇలాగే చేసేది" అన్నారు. తర్వాత దాని గురించి డాక్టరు గారినీ అడిగారు. పడితే తాగొచ్చు, మాత్రలు మాత్రం మానొద్దు అని ఆయన చెప్పారు. మేడమ్ రెండు మాటల్నీ సమానంగా గౌరవించారు.

మందులు పనిచేయడానికి చాలా నెలలు పట్టింది. ఆ నెలల్లో మేమిద్దరం కలిసి ఎన్నోసార్లు విశాఖ వెళ్ళాం. నేను జువాలజీ చదివాను, పేగు బొమ్మ వేసి భాగాలు గుర్తించగలను. కానీ నా పేగు గురించి నాకు మొదటిసారి పాఠం చెప్పింది ఆ బస్సులో మేడమే. "మన పెద్దపేగులో ఎంత జనం ఉంటారో తెలుసా? కంటికి కనబడరు, లెక్కకి అందరు. మన సంత చూశావు కదా. కొండమీంచి పసుపూ, చింతపండూ తెచ్చేవాళ్ళు, పాయకరావుపేట వైపునుంచి ఎండుచేపలు తెచ్చేవాళ్ళు, కత్తులకి సానపట్టేవాడు, కుండలవాడు. ఎవరి పని వాళ్ళది. లోపలా అంతే. మనం తిన్న పీచుని కొన్ని బ్యాక్టీరియాలు పులియబెట్టి, పేగు గోడకి తిండిగా మారుస్తాయి. కొన్ని చెడ్డవాటికి చోటు లేకుండా అడ్డం కూర్చుంటాయి. మన జబ్బున్నవాళ్ళలో ఆ రకాలు తగ్గిపోతాయంట. గోడకి తిండి పెట్టేవే ఎక్కువ పోతాయంట. వాపున్న చోట సుఖంగా బతికేవి పెరుగుతాయంట. సంత పలచబడి, గోల చేసే నలుగురే మిగిలినట్టు."

"పోయినవి తిరిగి రావా మేడమ్?" అన్నాను.

"పుండు మానితే కొన్ని వస్తాయంటన్నారు. అన్నీ వస్తాయో రావో."

ఒకసారి డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, మెడికల్ కాలేజీ వాళ్ళు ఈ బ్యాక్టీరియాల మీద పరిశోధన చేస్తున్నారని చెప్పారు. జబ్బున్నవాళ్ళ మలం కావాలి, అదే ఇంట్లో అదే తిండి తినే ఆరోగ్యవంతులదీ కావాలి, రెండూ పోల్చి చూస్తారు. ఇష్టమైతేనే ఇవ్వొచ్చు. నేను తల దించుకున్నాను. మేడమ్ మొహం మాత్రం బహుమతి వచ్చిన పిల్లలా వెలిగిపోయింది. బయటికొచ్చాక, "ఇన్నేళ్ళు దీన్ని నేను కడిగేసుకున్నాను, దాచుకున్నాను, అసహ్యించుకున్నాను. ఇవాళ చదువుకున్నవాళ్ళు దయచేసి ఇవ్వండి అని అడుగుతున్నారు వరలక్ష్మీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్ళు చెమర్చాయి.

సుందరరావు గారు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. మా అమ్మను ఒప్పించడానికి మేడమే మళ్ళీ గొలుగొండ రావలసి వచ్చింది. విషయం విని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! పెద్దాసుపత్రోలు అడిగేది ఇదేటి?"

"అవునమ్మా. మీరూ, వరలక్ష్మీ తినేది ఒకటే. ఉండేది ఒకే ఇంట్లో. మీ కడుపులో ఉండి, దాని కడుపులో లేనివేటో వాళ్ళు చూడాలి."

అమ్మ పమిట సర్దుకుంది. "అంటే నాకాడున్నవి దానికి నేవన్నమాట. అయితే సూడ్డం దేనికండీ? నాలోవి తీసి దానికెట్టీమనండి" అంది.

మేడమ్ అమ్మ చెయ్యి పట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా, అలాంటి వైద్యం కూడా కొన్నిచోట్ల చేసి చూస్తున్నారని, ఇంకా అందరికీ ఇచ్చేదాకా రాలేదని వివరించారు. అమ్మకి ఆ వివరం అక్కర్లేదు. ఇవ్వడానికి తను సిద్ధమని చెప్పింది, అంతే. ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు మేడమ్ నా భుజం మీద చెయ్యి వేశారు. "మా అమ్మ బతికుంటే ఆవిడా అదే అనేది. నేనే ఆవిడకి చెప్పలేదు. ఏదో అజీర్తి అనుకుంటూనే పోయింది" అన్నారు.

థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య సీసాలు సర్దుకుని ఇద్దరం బస్సెక్కాం. పెట్టె మేడమ్ ఒళ్ళో ఉంది. కండక్టరు టికెట్ కొడుతూ, "ఏటి మేడమ్, చేపలా? చేపలైతే వెనక్కి ఎట్టండి, వాసనొస్తాది" అన్నాడు.

"చేపలు కాదు నాయనా. మా కడుపులో బ్యాక్టీరియా. పరీక్షకి పట్టుకెళ్తన్నాం."

ముందు సీట్లో ముసలామె వెనక్కి తిరిగి చూసింది. కండక్టరు పెట్టెవైపూ, మేడమ్ వైపూ చూసి, "పిల్లలకి సూపెట్టే సదువా?" అన్నాడు.

"ముందు మేం చూసుకునే చదువు."

అతను తల ఊపి, "మరైతే జాగర్తగా పట్టుకోండి. ఈ డ్రైవరు బ్రేకు గట్టిగా ఏస్తాడు" అని ముందుకెళ్ళిపోయాడు. అంతే. ఇంకేమీ జరగలేదు. భూమి బద్దలవలేదు. ఆ రోజు బస్సులో నాకు కలిగిన తేలికదనం మళ్ళీ ఏ మందు వల్లా రాలేదు.

ఫలితాలు రావడానికి చాలా కాలం పట్టింది. మామూలుగా ఎవరివి వాళ్ళకి చూపించరట. మేడమ్ అడగ్గా అడగ్గా డాక్టరు గారు మా నలుగురివీ కంప్యూటర్లో తెరిచారు. నాలుగు నిలువు పట్టీలు, రకానికొక రంగు. అమ్మదీ, సుందరరావు గారిదీ నేత చీర అంచుల్లా ఎన్నో రంగులతో ఉన్నాయి. నా దాంట్లో రంగులు తక్కువే అయినా, మందులు మొదలెట్టాక ఇచ్చింది కాబట్టి కొన్ని తిరిగి వస్తున్నట్టుందన్నారు. మేడమ్‌ది దాదాపు మూడు రంగుల పట్టీ. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని, చాలాసేపు దాన్నే చూశారు.

"ఇంతమంది వెళ్ళిపోయారా నాలోంచి" అన్నారు చివరికి.

తర్వాత డాక్టరు గారి వైపు తిరిగారు. "డాక్టరు గారూ, వీళ్ళు వెళ్ళిపోవడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చాక వీళ్ళు వెళ్ళిపోయారా?"

"నిజం చెప్పాలంటే, ఇంకా స్పష్టంగా తెలియదమ్మా. రెండూ ఉండొచ్చు. ఒకటి రెండోదాన్ని పెంచుతూ ఉండొచ్చు" అన్నారు ఆయన.

ఆ జవాబు నాకు నిరాశ కలిగించింది. ఆవిడకి మాత్రం ఓదార్పులా పనిచేసింది. తిరుగు ప్రయాణంలో అన్నారు: "ఇన్నేళ్ళు నేనేదో తిన్నాననీ, ఏదో చేశాననీ, దేవుడికి ఎక్కడో కోపం తెప్పించాననీ అనుకున్నాను. తెలీదని ఆయన అన్నాక, నా మీద ఉన్న నేరం కొట్టేసినట్టుంది." అప్పటివరకూ నేనూ నా మీద అలాంటి నేరమే మోపుకుని ఉన్నానని ఆ క్షణంలోనే నాకు తెలిసింది.

ఆ సంవత్సరమే ఆవిడకీ కెమెరా పరీక్ష చేశారు. ఏళ్ళ తరబడి ఈ జబ్బున్నవాళ్ళు అప్పుడప్పుడు తప్పక చేయించుకోవాలట. క్లాసులు పోతాయని ఆవిడ వాయిదా వేస్తూ వచ్చారు. నాతో వస్తూ వస్తూ తనూ చేయించుకున్నారు. పేగులో ఒకచోట తీసిన ముక్కలో క్యాన్సర్ కణాలు కనబడ్డాయి. పెద్దపేగు మొత్తం తీసేయాలన్నారు. ఆపరేషన్ ముందురోజు నేను వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని తన వేలిగోళ్ళు జాగ్రత్తగా కత్తిరించుకుంటున్నారు. పక్కన సుందరరావు గారు బైబిల్ తెరిచి పెట్టుకున్నారు గానీ చదవడం లేదు. ఆవిడ నన్ను చూసి, "ఇల్లే తీసేస్తారంట వరలక్ష్మీ. ఉన్న ఆ కాస్త జనం ఇక ఎక్కడుంటారు?" అన్నారు. నవ్విద్దామని అన్నారు. నాకు నవ్వు రాలేదు. సుందరరావు గారు లేచి వరండాలోకి వెళ్ళిపోయారు.

కొన్ని నెలలకి కాలేజీకి తిరిగొచ్చారు. సన్నబడ్డారు. చీర కుచ్చిళ్ళ పక్కన, పొట్టకి అతికించిన సంచి పైకి కనబడకుండా కొంగు వదులుగా చుట్టుకునేవారు. ఇక మలం ఆ సంచిలోకే వస్తుంది. దానికి వేళాపాళా ఉండదు, ఆపుకోవడం మన చేతిలో ఉండదు. వచ్చిన వారంలోనే క్లాసులో పాఠం మధ్యలో సంచిలోంచి గాలి చప్పుడు వచ్చింది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. నేను పక్కగది నుంచి చాక్‌పీసులకి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాను. మేడమ్ పుస్తకం మూసి బల్లమీద పెట్టారు.

"ఆ చప్పుడు నాదే. ఎవరినీ అనుమానించకండి" అన్నారు. తర్వాత, రేకులూ కేసరాలూ చెప్పినంత తాపీగా అంతా చెప్పారు. జబ్బు పేరు, పేగు లోపల జనం, వాళ్ళు ఎలా తగ్గిపోయిందీ, పేగు ఎందుకు తీసేసిందీ, పొట్ట మీద తెరిచిన చోట చిన్న పేగు కొస ఎర్రగా గులాబీ మొగ్గలా ఎలా ఉంటుందీ. ముందు బెంచీలో కృష్ణదేవిపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "నొప్పెడతాదా మేడమ్?" అంది.

"లేదమ్మా. పేగుకి ముట్టుకున్నా నొప్పి తెలీదు. చుట్టూ చర్మమే అప్పుడప్పుడు మండుతుంది."

"మరి బయమెయ్యదా?"

"మొదట్లో వేసింది. కానీ ఒక సుఖం చెప్పనా? ఇప్పుడు విశాఖ దాకా బస్సు ఎక్కడా ఆపక్కర్లేదు."

పిల్లలు నవ్వారు. ఈసారి ఆవిడతో కలిసి నవ్వారు. ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీలు విప్పుకున్నప్పుడు, నాకూ అదే జబ్బుందని నేను అందరికీ చెప్పాను. చెప్పమని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. నేను చెప్తుండగా తలెత్తి చూసి, మళ్ళీ తన పెరుగన్నం కలుపుకున్నారు.

ఆవిడ బాగున్నది రెండేళ్ళు. తర్వాత క్యాన్సర్ కాలేయంలో మళ్ళీ కనబడింది. కాలేజీ మానేశారు. నేను సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వెళ్ళలేని రోజులు ఎక్కువయ్యాక పొద్దున్నే ఆవిడే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. హలో అని కూడా అనేవారు కాదు.

"ఎలా ఉంది ఇవాళ?"

లోకంలో ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే దానికి వేరే అర్థం. మా ఇద్దరి మధ్య దానికి ఒకటే అర్థం. నేను కూడా దాచకుండా చెప్పేదాన్ని. "బాగుంది మేడమ్. ఒక్కసారే. రక్తం లేదు."

"దేవునికి స్తోత్రం!" అనేవారు. పరీక్షలో కాలేజీ ఫస్టు వచ్చిన పిల్లకి చెప్పినట్టు, అంత సంతోషంగా. తనకి అన్నం లోపలికి పోని రోజుల్లో, ఒళ్ళంతా పచ్చబడిన రోజుల్లో, నా పేగు ఒక మామూలు ఉదయం గడిపిందని ఆవిడ దేవుణ్ణి స్తుతించేవారు. "చూశావా, జనం తిరిగొస్తన్నారు నీకు. చోడి అంబలి తాగు, రాగుల్లో పీచుంటుంది. ఆకుకూరలు పడుతుంటే తిను. వచ్చినవాళ్ళకి తిండి పెట్టాలి కదా." మీకెలా ఉంది అని నేను అడిగితే, "నాకేటి, సంచి చెప్తంది" అని మాట మార్చేసేవారు. చివరి వారంలో గొంతు బాగా సన్నగిల్లింది. సుందరరావు గారు ఫోను ఆవిడ చెవి దగ్గర పట్టుకునేవారు. ప్రశ్న అడగడానికే ఆవిడకి ఊపిరి సరిపోయేది కాదు. అందుకని మోగిన వెంటనే నేనే చెప్పేసేదాన్ని, "బాగుంది మేడమ్, బాగుంది." అవతలినుంచి చిన్న ఊపిరి చప్పుడు. అది స్తోత్రమని నాకు తెలుసు.

వాన పడుతున్న ఒక పొద్దున సుందరరావు గారే ఫోన్ చేశారు. నాకు అడగాల్సిన పని లేకపోయింది. సమాధి దగ్గర కాలేజీ పిల్లలందరూ గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. పాట అందుకున్నవాళ్ళలో ఆ గొంతు లేకపోవడం అందరికీ తెలుస్తూనే ఉంది. మా అమ్మ గొలుగొండ నుంచి వచ్చి, చర్చి పద్ధతి తెలియక, ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. మట్టి వేసేటప్పుడు ముందుకొచ్చి గుప్పెడు తీసుకుని, "అమ్మా, నా పిల్లకి మళ్ళీ అన్నం ఎట్టించినావు" అంది.

ఇప్పుడు నేను బాగున్నాను. మాత్రలు వేసుకుంటున్నాను, వేళకి పరీక్షలు చేయించుకుంటున్నాను. పేగు లోపలి పొర మానిందని డాక్టరు గారు అంటారు. తిరగబెట్టే రోజు రావచ్చు, రాకపోవచ్చు. తెలియదన్న మాటని పక్కన పెట్టుకుని బతకడం నాకు చేతనవుతోంది. బయాలజీ లెక్చరర్లకి ఇప్పుడు నేనే పెద్దని. క్లాసులో శరీరం గురించి ఏ ప్రశ్న అడిగినా సగం గొంతుతో జవాబు చెప్పను. ఇవన్నీ ఆవిడ ఇచ్చినవే. వీటిని మోయడం బరువు కాదు.

బరువుగా ఉండేది పొద్దున పూటే. మామూలుగా, సుఖంగా, ఏ నొప్పీ లేకుండా తెల్లవారిన రోజున ఆ సంగతి ఎవరికో చెప్పాలనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అది వార్త కాదు. మొన్న ఒకరోజు ఉండబట్టలేక, పెరట్లో గిన్నెలు తోముతున్న అమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఇవాళ బాగుందే" అన్నాను.

అమ్మ చెయ్యి ఆపి నావైపు చూసింది. "బాగుంటే మంచిదే కదే. సెప్పడం దేనికి?" అంది.

ఏమీ లేదమ్మా అని, గిన్నెలు కడగడానికి ఆమె పక్కన కూర్చున్నాను.